గాలితోని కొట్లాడిన అవ్వ

ఫ్యాన్ కనిపెట్టినోన్ని తిట్టకుంట ఆ అవ్వ మా ఇంట్ల ఒక్క పూట గూడ కూసోలేదు. గడప దాటంగనే తల పైకెత్తి చూసేది. రెక్కలు తిరుగుతున్నయా, ఇగ అయిపోయినట్టే. "వాడు బాలింత కడుపున పుట్టలేదా? వాని తల్లి చెవులల్ల పత్తి పెట్టుకోలేదా? బందు చెయ్యుండ్రే!" అని లొల్లి. రోళ్లు పగిలే ఎండల గూడ ఆమె ఉన్నంత సేపు మేం చెమటలు కార్చుకుంట కూసోవాలె. బాపు మగ్గం కాడికెల్లి "ఫ్యాన్ బందయిందంటే అవ్వొచ్చిందన్నట్టు" అని నవ్వేటోడు.

ఆమె పోయి ఇంక నెల గూడ కాలే. మొన్న చిట్యాల బస్టాండుల నల్గొండ బస్సెక్కిన. నా ముందు సీట్ల ఒక పడుసుపొల్ల పసిగుడ్డును ఒళ్లె పెట్టుకొని కిటికీ అద్దం గుంజుతాంది. అది బిగుసుకపోయి వస్తలేదు. నేను లేచి రెండు చేతులతోని గుంజి సగం దాక మూసి ఇడిసిపెట్టిన. "పూరా మూయక్కా, పిల్లకు గాలి తాకుతది" అన్నది ఆమె. "సగం చాలు తియ్ బిడ్డా" అన్న. ఎందుకు సగం అని అడిగింది. నా నోరు మంచిది కాదని మా వాడంత ఎరుకే, ఎవ్వలు ఏమన్నా జవాబు నా నాలిక మీదనే ఉంటది. గని అప్పుడు మాత్రం కండ్లల్ల నీళ్లొచ్చినయి. నల్గొండ వచ్చేదాక తల పక్కకు తిప్పుకొని కూసున్న.

ఆ అవ్వ పేరు నాకు తెల్వదు. నిజంగనే తెల్వదు. చిట్యాల పక్కపొంటి మా ఊళ్లె మగ్గాల వాడల అందరికి ఆమె "నీళ్లు పోసే అవ్వ". మా అమ్మకు గూడ అవ్వనే, నాకు గూడ అవ్వనే. ఎన్నడు పుట్టిందో, ఎవ్వలింటి కోడలో, ఎవ్వలన్నా అడిగితే "నీకెందుకే? నేను నీ పుట్టుడు చూసినదాన్ని, నువ్వు నాది చూస్తవా?" అనేది. అందుకే ఆమె బతుకు కథ నేను చెప్పలేను. చూసింది చెప్త.

కాన్పు దవాఖానల అయినా సరే, బిడ్డ ఇంటికి వచ్చినంక మొదటి తానం ఆమె కాళ్ల మీదనే. చిన్న పీట ఏసుకొని, రెండు కాళ్లు సాపుకొని, పసిగుడ్డును బోర్ల పండవెట్టుకునేది. మోచేతుల దాక పచ్చబొట్లు. కాగుల నీళ్లను మోచెయ్యి ముంచి చూసేది. మేం ఎవ్వలమన్నా ఏలు పెట్టి "సరిపోయినయవ్వా" అంటే, "ఏలుకు ఏం తెలుస్తది, ఏలు బండబారింది" అని కసిరేది. తల మీద నీళ్లు పడంగనే పసిపిల్లలు ఒక్క గడియ ఊపిరి మరిచిపోతరు. మూతి నల్లబడ్తది, కండ్లు తేలేస్తరు. మంచం మీద తల్లి పానం పోతది. అవ్వ మాత్రం ఉరుకులాడదు. వంగి ఆ చెవుల మెల్లగ చెప్తది.

"గుంజుకో దొరా, గుంజుకో... ఆఁ... ఇడువు."

పొల్లనైనా పిలగాన్నైనా దొరా అనే అంటది. బిడ్డ ఒక్కసారి కేరుమంటది. "అగో, ఇల్లు నాదంటాంది" అని అవ్వ నవ్వుతది.

ఎవ్వలు ఎట్ల ఏడ్చిన్రో అన్ని యాదికుండేటివి ఆమెకు. ఎదిగినోళ్లను గూడ ఆ ఏడుపుతోనే గుర్తుపట్టేది. నన్ను చూసినప్పుడల్ల ఒకటే మాట: "నువ్వు ఏడ్వలేదే పెద్దదానా. నా దిక్కు గుర్రుమని చూసినవ్. గప్పుడే అనుకున్న, దీన్ని చేసుకునేటోడు ఎవ్వడో పాపం అని." ఒకసారి మా సర్పంచి నలుగురి నడుమ కుర్చీల కూసొని ఏందో గట్టిగ మాట్లాడుతున్నడు. అవ్వ అటుపోయి, "గా ముక్కు గంత సక్కగున్నదంటే నా ఏళ్లతోని ఒత్తిన పుణ్యం రా. పుట్టినప్పుడు చప్పిడి ముక్కు" అని చెప్పి తన తొవ్వ తను పోయింది. సర్పంచి ఏం మాట్లాడ్తున్నడో మరిచిపోయిండు.

తానం అయినంక ఊదు పొగ. తర్వాత బాలింతను నులక మంచం మీద పండవెట్టి, మంచం కింద నిప్పుల కుంపటి. నడుము నొప్పులు గుంజుతయని. ఇగ అప్పుడు మొదలయ్యేది అవ్వ అసలు పని. గాలి సోకొద్దు. తలుపు మూసుడు, కిటికీ మూసుడు, సందులన్ని కూరుడు. మా వాడల పేలికలకు కరువుండొచ్చు గని నూలు చిక్కుకు కరువా? మగ్గం కింద పడ్డ ఎర్రది, పచ్చది, నల్లది తెగిన పోగులన్ని ఉండ చుట్టి, ఏలితోని పొడిచి పొడిచి కూరేది. బయటికెల్లి చూస్తే కిటికీ సందులల్ల రంగురంగుల నూలు కుచ్చులు ఎల్లి కనవడేటివి. ఏ ఇంట్ల బాలింత ఉన్నదో మేం గట్లనే గుర్తుపట్టేటోళ్లం. చిన్నప్పుడు నాకు అది పండుగ అలంకారం లెక్క కొట్టేది.

నర్సమ్మ వచ్చి కోప్పడేది. "కుంపటి పెట్టొద్దు, తలుపులు మూయొద్దు. ఎన్నిసార్లు చెప్పాలె మీకు?" అనేది. వాడంత "సరే నర్సమ్మా" అనేది. ఆమె స్కూటీ చప్పుడు వినవడంగనే కుంపటి మీద చాట బోర్లించి పెరట్లకు జరిపేటోళ్లు, పోయినంక మళ్ల జరిపేటోళ్లు. మా దగ్గర చిన్నపిల్లలకు గూడ ఇది ఎరుకే. దవాఖానోళ్లకు కుంపటి ముచ్చట చెప్పొద్దు, చెప్తే తిడ్తరు. మాకు అదొక అలవాటు అయిపోయింది. నా చెల్లె పానం మీదికి తెచ్చింది గా అలవాటే.

తెలంగాణ వచ్చినంక కొన్నేండ్లకు చెల్లె మా అమ్మగారింట్ల పురుడు పోసుకున్నది. ఆడపిల్ల. నేను నల్గొండ నుంచి పోయి ఉన్న. చలికాలం, పొద్దుగాల మంచు దిగుతాంది. పిల్ల జర పసుపు పచ్చగున్నదని, పొద్దటి ఎండల పట్టుకొని కూసోమన్నది నర్సమ్మ. గా ఒక్క మాట మాత్రం మేం విన్నం. ఇయ్యాల పిల్ల బడికి పోతాందంటే గా ఒక్క మాట విన్నందుకే.

ఆ పొద్దు అవ్వ చెల్లెకు నీళ్లు పోసి, పొగ ఏసి, కుంపటి పెట్టి పండవెట్టింది. చలి ఎక్కువున్నదని ఇంకిన్ని బొగ్గులు పోసింది. కిటికీలకు నూలు కూరింది. తలుపు కింద తడి గోనె సంచి పెట్టి, తను గూడ లోపట్నే కూసొని చెల్లె కాళ్లు ఒత్తుతాంది. నేను వాకిట్ల ఎండల పిల్లను పట్టుకొని కూసున్న. అమ్మ పొయ్యి కాడ, బాపు మగ్గం మీద.

జర సేపటికి అవ్వ తలుపు తీసుకొని బయటికొచ్చి మోరి కాడ కూసొని కక్కింది. "ఏందవ్వా?" అన్న. "పైత్యమే. తలకాయ పగులుతాంది" అని నెత్తికి కొంగు గట్టిగ కట్టుకున్నది. తలుపు మాత్రం తన ఎనుక మూసే వచ్చింది. బిడ్డకు గాలి సోకొద్దు గదా.

పిల్ల పాలకు ఏడ్వబట్టింది. నేను తలుపు నూకి లోపలికి పోయిన. చెల్లె పండుకొని ఉన్నది. ముఖం ఎర్రగ, పెండ్లినాడు పసుపు కుంకుమ పెట్టినప్పటి తీరుగ మిలమిల మెరుస్తాంది. గంత కళ నేను ఆమె ముఖంల ఎన్నడు చూడలే. మంచిగ నిద్ర పట్టిందనుకున్న. "చిన్నీ, పాలియ్యి" అని లేపిన. లేవలే. భుజం పట్టి ఊపిన. తల పక్కకు వాలింది. అంతల్నే కాళ్లు చేతులు కొట్టుకోబట్టినయి. నేను కేక పెట్టిన.

బాపు మగ్గం గుంటలకెల్లి దునికి ఆటో కోసం ఉరికిండు. అమ్మ నెత్తి కొట్టుకుంటాంది. వాడోళ్లు వచ్చి "గాలి సోకింది, గాలే సోకింది" అంటున్నరు. తలుపు ఎవ్వలు తెరిచిన్రని ఒకామె అడిగింది. నేనే తెరిచిన అన్న. అందరు నా దిక్కు చూసిన్రు.

చిట్యాలల ఒక డాక్టరు తాన ఆపినం. ఆయన చెల్లె ఏలికి చిన్న మిషన్ పెట్టిండు. అంకె చూసి, "ఊపిరి బాగనే ఉన్నది, ఆక్సిజన్ నిండుగున్నది. బీపీ ఫిట్స్ అయ్యుంటయి, నల్గొండ తీస్కపోండ్రి" అన్నడు. ఆయన తప్పేం లేదు, మిషన్ గట్లనే చూపెట్టింది. ఊపిరి బాగుంటే మనిషెందుకు లేస్తలేదు? నాకు ఎవ్వలు చెప్పలే. ఆడికెల్లి అంబులెన్సుల అమ్మ, అవ్వ, చెల్లె తలకాయ పక్కన నేను. నా ఒళ్లె పాలకు ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లిన పిల్ల. అవ్వ నార్కట్‌పల్లి దాటినంక ఇంకోసారి కక్కింది. ఎవ్వలం పట్టించుకోలే.

నల్గొండ పెద్ద దవాఖానల ఒక డాక్టరమ్మ ఉన్నది. చిన్న వయసే. చెల్లె కండ్లు తెరిచి చూసింది, బీపీ చూసింది. బీపీ మంచిగనే ఉన్నది. ముఖం చూసింది. చాన సేపు ముఖాన్నే చూసింది. తర్వాత అమ్మను అడిగింది.

"రూముల కుంపటి గాని పొయ్యి గాని పెట్టిన్రా?"

అమ్మ టక్కున, "లేదమ్మా. గట్లాంటియి మేం పెట్టం" అన్నది.

"నిజం చెప్పమ్మా. తిట్టను. బొగ్గులు ఉన్నయా రూముల?"

"మా బిడ్డ మీద ఒట్టు, లేవమ్మా."

నేను పిల్లను పట్టుకొని తలుపు కాడ నిలవడ్డ. అమ్మ నా దిక్కు చూసి కండ్లతోని ఉండు అన్నది. కుంపటికి, ఫిట్స్‌కు ఏం సంబంధమో నాకు సమజ్ కాలే. డాక్టరమ్మ ఇంకేదో రాయబోతాంది. సూది మందుల పేర్లు చెప్తాంది నర్సుకు. గోడ కాడ నెత్తికి కొంగు కట్టుకొని చతికిలవడ్డ అవ్వ అప్పుడు లేచింది.

"అబద్ధం. కుంపటి పెట్టిన. నేనే పెట్టిన. మంచం కింద పెట్టి, తలుపులు మూసి, కిటికీలకు నూలు కూరిన. నాకు గూడ తలకాయ పగులుతాంది, రెండుసార్లు కక్కిన. ఆమెకు ఏమైతాందో చెప్పు బిడ్డా."

డాక్టరమ్మ కలం కింద పారేసింది. "ఆక్సిజన్! పూరా తెరువు!" అని గట్టిగ ఒర్రింది. సిలిండర్ గడగడ దొర్లించుకొచ్చిన్రు. సంచి ఉన్న పెద్ద మాస్కు చెల్లె ముఖానికి పెట్టిన్రు. అవ్వను గూడ పక్క మంచం మీద కూసోవెట్టి ఒక మాస్కు పెట్టిన్రు.

అమ్మ గోడకు తల ఆనిచ్చి కూసున్నది.

ఏలి మిషన్ మంచిగనే చూపెట్టింది గద అని నేను డాక్టరమ్మతోని కొట్లాటకు పోయిన. ఆమె కోపానికి రాలే. "గా మిషన్‌కు ఆక్సిజన్‌కు, బొగ్గుల గాలికి తేడా తెల్వదక్కా. నువ్వు బస్సు ఎక్కుతవు గదా? కిటికీలకెల్లి దస్తీలు ఏసి సీట్లు ఆపుకుంటరు చూడు. బయటికెల్లి చూస్తే బస్సు నిండినట్టే కొడ్తది. బొగ్గుల గాలి గట్లనే రక్తంల సీట్లన్ని పట్టుకున్నది, దిగుమంటే దిగదు. దానికి వాసన లేదు, పొగ లేదు. ఇప్పుడు మనం ఆక్సిజన్ నూకుతనే ఉండాలె. నూకంగ నూకంగ ఒక్కొక్కటి దిగుతది. గంతే మందు. ఇంకోటి లేదు."

"దిగుతదా?" అన్న.

"చూద్దాం" అన్నది. గా చూద్దాం అన్న మాట ఇప్పటికి నా చెవులల్ల ఉన్నది.

హైద్రాబాద్‌ల మనిషిని లోపట పండవెట్టి ఆక్సిజన్‌ను ఇంకా బలంగ ఎక్కిచ్చే పెద్ద డబ్బా అసొంటి మిషన్ ఉంటదట. డాక్టరమ్మ రెండు మూడు జాగలకు ఫోన్ చేసింది. చివరికి వచ్చి, "తొవ్వల మళ్ల ఫిట్స్ వస్తే నేను ఏం చెయ్యలేను. ఈడనే చేస్త" అన్నది.

చెల్లె మాస్కు ఉంచుకోలే. తెలివి లేదు గని చేతులు ఊకుంటలేవు. గుంజి పారేస్తాంది. నర్సు పెట్టుడు, ఆమె పీకుడు. నాకు చేతుల పిల్ల. అమ్మ గోడ కాడికెల్లి లేస్తలేదు. అవ్వ మంచం దిగి, తన మాస్కు పైపు గుంజుకుంటనే వచ్చి, చెల్లె తలకాయను తన తొడ మీద పెట్టుకున్నది. ఒక చేత్తోని రెండు చేతులు బిగవట్టింది, ఇంకో చేత్తోని మాస్కు ఒత్తి పట్టుకున్నది. తన మాస్కు గదుమ కిందికి దించుకొని చెల్లె చెవుల మొదలువెట్టింది.

"గుంజుకో బిడ్డా, గుంజుకో... ఆఁ... ఇడువు. గుంజుకో..."

"అవ్వా, నీ మాస్కు తియ్యకు! నీకు గూడ ఎక్కింది విషం" అని డాక్టరమ్మ కసిరింది. అవ్వ మాస్కు పెట్టుకునేది. పెట్టుకున్నంక గూడ గుంజుకో అంటనే ఉండేది, కుండల తలకాయ పెట్టి మాట్లాడినట్టు. ఆమె పోంగనే మళ్ల దించేది. పుట్టినప్పటి సంది గాలికి తలుపులు మూసిన మనిషి, ఇప్పుడు గాలి లోపలికి పోవుడు కోసం బతిమిలాడుతాంది. నాకు ఆమెను చూస్తే కోపంతోని ఒళ్లు కాలిపోతాంది. గొంతు పిసుకుదామన్నంత కోపం. గని ఆ చెయ్యి గాన్నుంచి తీస్తే చెల్లె ఏమైతదో అని భయం.

మధ్యల ఒకసారి డాక్టరమ్మ కొంగు పట్టుకున్నది అవ్వ. "బిడ్డా, నా రక్తం మొత్తం తీసి ఈమెకు ఎక్కియ్యి. నేను ముసల్దాన్ని, నాకేం పని?"

"నీ రక్తంల గూడ గదే విషం ఉన్నదవ్వా" అన్నది డాక్టరమ్మ.

అవ్వ కొంగు ఇడిసిపెట్టింది. తన రెండు చేతులు తిప్పి తిప్పి చూసుకున్నది. వాడంత ఎత్తుకున్న చేతులు. తర్వాత మళ్ల మాస్కు పట్టుకున్నది.

మాపటాళ్లకు తిరుమలగిరి నుంచి చెల్లె మొగుడు వచ్చిండు. తొవ్వల ఎవ్వలో ఫోన్ల అంత చెప్పిన్రు. వచ్చుడు వచ్చుడే "ఏది గా ముసల్ది? బయటికి గుంజుండ్రి" అని చెయ్యి లేపిండు. వార్డుల అందరు లేచిన్రు. అవ్వ తల గూడ ఎత్తలే.

"కొడుదువు బిడ్డా. ఈమె కండ్లు తెర్వనియ్యి, కొడుదువు. ఇప్పుడు నా చెయ్యి ఖాళీ లేదు."

లేపిన చెయ్యి గట్లనే ఉండిపోయింది ఆయనది. తర్వాత మంచం కాళ్ల దిక్కు కూసొని చిన్నపిల్లగాని లెక్క ఏడ్చిండు. నాకు గూడ ఏడుపు ఆగలే. పిల్ల ఒకదిక్కు, ఆయన ఒకదిక్కు, నేను ఒకదిక్కు. అవ్వ ఒక్కతే ఏడ్వలే. గుంజుకో, ఇడువు. గుంజుకో, ఇడువు. సిలిండర్ అయిపోతే ఇంకోటి తెచ్చి పెట్టే నడుమ జర సేపు గూడ ఆ మాట ఆగలే. ఆ జర సేపు నా ఊపిరి నేను బిగవట్టుకున్న.

ఎంత సేపటికో చెల్లె కండ్లు తెరిచింది. మా దిక్కు చూసింది గని మేం ఎవ్వలమో తెల్వనట్టు చూసింది. అమ్మ "చిన్నీ" అంటే పలుకలే. మొగని ముఖం చూసి కండ్లు మూసుకున్నది. పిల్లను పక్కల పెడితే, ఎవ్వల పిల్ల అన్నట్టు చూసింది. డాక్టరమ్మ మాత్రం "కండ్లు తెరిచింది, చాలు" అన్నది. అవ్వ అప్పుడు లేచి, నా మరిది ముంగట పోయి నిలవడ్డది. కొట్టుమన్నట్టు. ఆయన ముఖం తిప్పుకున్నడు.

కొన్ని దినాలకు చెల్లెను ఇంటికి తెచ్చుకున్నం. పిల్లను గుర్తుపట్టింది, నవ్వింది. గండం గడిచిందనుకున్నం. డాక్టరమ్మ ముందే చెప్పింది, ఇది పోయినట్టే పోయి మళ్ల తేలుతది, మతిమరుపొస్తే భయపడకుండ్రి అని. భయపడకుంట ఎట్లుంటం? నెల తిరగంగనే పాలు పొయ్యి మీద పెట్టి మరిచిపోవుడు, బాపును పట్టుకొని నువ్వెవ్వలనుడు. మా చెల్లె చిటికి కట్టుడుల మా వాడకే పెట్టింది పేరు. చీరెల పువ్వు ఏడ రావాల్నో ఆడ నూలు చుట్టి ముడి ఏసేది, రంగుల ముంచినా ఆ ముడికి రంగు పట్టదు, అదే చిటికి. కండ్లు మూసుకొని కట్టేది. అసొంటి మనిషి నూలు చేతుల పట్టుకొని ముడి ఎట్లేస్తరని నన్ను అడిగింది. ఏళ్లు వణుకుతున్నయి. నేను పెరట్లకు పోయి, కొంగు నోట్లె కుక్కుకొని ఏడ్చిన.

అవ్వను మా అమ్మ గడప తొక్కనియ్యలే. ఆమె గూడ తొక్కలే. దినాం పొద్దుగాల వచ్చి ఎదురింటి అరుగు మీద కూసునేది. లోపట అమ్మ పిల్లకు తానం పోస్తుంటే, పిల్ల గుక్కవట్టి ఏడిస్తే, అక్కడికెల్లే ఒర్రేది: "చెవులల్ల నీళ్లు పోతున్నయి చూడే! బోర్ల ఎయ్యి, బోర్ల!" అమ్మ అటు దిక్కు గూడ చూడకపోయేది. గని బోర్ల ఏసేది.

మా వాడల ఇగ ఎవ్వలు ఆమెను నీళ్లు పోయనీకి పిలువలే. చేతులు మంచివి కావన్నరు. అసలు సంగతి ఏందంటే, అవ్వను ఎల్లగొట్టిన్రు గని కుంపటిని ఎల్లగొట్టలే. అవ్వ చేతిల తప్పున్నది, కుంపటిల ఏం లేదు అనుకున్నరు. ఏం తెలివి ఇది? నేను వాడంత తిరిగి నోరు నొచ్చేదాక చెప్పిన. అవ్వ చెప్పలే. ఒక కట్టె పట్టుకున్నది. ఏ కిటికీ సందుల రంగు నూలు కనవడ్తే ఆ ఇంటి మీదికి పోయేది. పోగులు పీకుడు, కట్టెతోని కిటికీ రెక్కలు కొట్టుడు. "తెర్వుండ్రి! నా బిడ్డలారా తెర్వుండ్రి! లోపట చస్తరు!" అని ఒర్రుడు. ముసల్దానికి పిచ్చి లేసిందన్నరు. ఒక ఇంట్ల చెంబెడు నీళ్లు మీద కుమ్మరిచ్చిన్రు. చలికి వణుక్కుంటనే పీకింది. అవి తను నేర్పిన నూలు కుచ్చులే. పొద్దున పీకుతే మాపటికి మళ్ల కూరేటోళ్లు, తెల్లారి మళ్ల పోయేది.

ఒకనాడు నేను ఆపి, "ఇగ ఫ్యాన్ గూడ ఏసుకోవచ్చా అవ్వా?" అని ఎక్కిరిచ్చిన.

"కిటికీ గాలి దేవుడిచ్చింది. ఫ్యాన్ గాలి ఎవ్వడిచ్చిండు?" అని కట్టె చూపెట్టింది నాకు.

ఏండ్లు గడిచినయి. చెల్లె మెల్లమెల్లగ తేరుకున్నది. ముడి మళ్ల నేర్చుకున్నది, మునుపటి లెక్క కాదు గని కడ్తది. ఏళ్ల వణుకు మాత్రం పోలే. గా దినం ఆమెకు అసలే యాదికి లేదు. పొద్దున అవ్వ నీళ్లు పోసింది, తర్వాత దవాఖానల లేచిన, గంతే అంటది. మేం గూడ గా ముచ్చట ఆమె ముంగట తియ్యం.

అవ్వకు దమ్ము పట్టింది. ఏండ్ల సంది ఊదు పొగ, బొగ్గుల పొగ ఆమె పీల్చిందే ఎక్కువ. నాలుగడుగులు ఏస్తే ఎగపోసేది. చివరికి అరుగు మీద కూసోనీకి గూడ శాతగాక తన గుడిసెల మంచం పట్టింది. ఎవ్వలు చూస్తరు? మా చెల్లెనే ఒకనాడు ఆటో పిలిపిచ్చి, అవ్వను ఎక్కిచ్చుకొని నల్గొండ తెచ్చింది. అమ్మ వద్దనలే, పొమ్మననూలే. తొవ్వలకు చద్దరు ఇచ్చింది.

నేను నల్గొండల నా దుకాణం నుంచి ఉరికిన. గదే దవాఖాన. డాక్టరమ్మ లేదు, ఎవ్వలో కొత్తాయన. నన్ను పక్కకు పిలిచి, "ఊపిరితిత్తులల్ల ఏం మిగులలేదమ్మా" అన్నడు. అవ్వకు ఆక్సిజన్ పెట్టిన్రు. పిట్ట లెక్క అయిపోయింది మనిషి. ఛాతి ఎగిరెగిరి పడ్తాంది. మాస్కు పెట్టుడు, ఆమె గుంజేసుడు. నర్సు విసుక్కున్నది. నేను చేతులు పట్టుకుంటే నా దిక్కు గుర్రుగ చూసింది.

చెల్లె మంచమెక్కి కూసున్నది. అవ్వ తలను తొడ మీదికి తీసుకున్నది. వణికే చేతితోని మాస్కు ఒత్తి పట్టి, వంగి, చెవుల మెల్లగ అన్నది.

"గుంజుకో అవ్వా, గుంజుకో... ఆఁ... ఇడువు."

నేను టక్కున చెల్లె దిక్కు తిరిగిన. పసిపిల్లల తానం కాడ అవ్వ అనే మాటే గావొచ్చు, చెల్లె చిన్నప్పుడు విన్నదే గావొచ్చు. గని దొరా అనలే, పిల్లల తీరుగ ముద్దుగ అనలే. గట్ల గొంతు దించుకొని, ఆ ఆఁ కాడ గట్ల ఆగి, అవ్వ అన్నది ఒక్కనాడే, చెల్లెకు తెలివి లేనినాడు. "నీకెట్ల తెలుసే?" అన్న. "ఏమో అక్కా, నోట్లెకెల్లి వచ్చింది" అన్నది చెల్లె.

అవ్వ గూడ విన్నది. మాస్కు గుంజే చెయ్యి ఆగింది. కండ్లు తిప్పి చెల్లె ముఖం చూసింది, చాన సేపు చూసింది. కండ్ల కొసలకెల్లి నీళ్లు చెవులల్లకు కారినయి. తర్వాత ఒక ఏలుతోని మాస్కు జర లేపింది. నేను ఏం చెప్తదో అని దగ్గరికి వంగిన.

"ఫ్యాన్... బందు చెయ్యుండ్రే."

పైన తిరుగుతాంది గదా దవాఖాన ఫ్యాన్. నేను పోయి బందు చేసిన. వార్డోళ్లు ఉక్కపోస్తాందని లొల్లి పెట్టిన్రు, నేను నా నోటికి పని చెప్పిన. కిటికీ మాత్రం రెండు రెక్కలు బార్ల తెరిచిన.

ఇగ అవ్వ మాస్కు గుంజలే. చెల్లె చెప్పినట్టే విన్నది, పసిపిల్ల లెక్క. గుంజుకో అంటే గుంజుకున్నది, ఇడువు అంటే ఇడిసింది. రాను రాను గుంజుకునేది చిన్నగైంది. ఒక ఇడుపు తర్వాత ఛాతి మళ్ల లేవలే. నర్సు వచ్చి చెయ్యి పట్టి చూసి, సిలిండర్ బందు చేసి పోయింది. సుయ్యిమనే చప్పుడు ఆగింది. చెల్లె మాత్రం మాస్కు మీదికెల్లి చెయ్యి తియ్యలే.

"గుంజుకో అవ్వా" అంటనే ఉన్నది. "గుంజుకో."